రంగులకో కౌంట్‌డౌన్

శ్రీహరికోటకు ఇవతల, సూళ్లూరుపేటలో కాపురముంటే మనిషికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఏ పని చెయ్యాలన్నా ముందు కంప్యూటర్లో ఒకసారి చేసి చూడాలనిపిస్తుంది. శ్రీహరికోట రాకెట్ కేంద్రం షార్‌లో రాకెట్ ఎగరాలంటే ఎన్ని సిమ్యులేషన్లు, ఎన్ని రిహార్సళ్లు, ఎన్ని సమీక్షలు! ఆఖరికి లాంచ్ ఆథరైజేషన్ బోర్డు ఊ అంటే తప్ప పని ముందుకు సాగదు. ఆ గాలి తగిలినవాళ్లు మా వీధిలో సీమంతానికి కూడా ఎక్సెల్ షీటు వేస్తారు. నేను పెన్సిలు బొమ్మకు నీటిరంగులు వేసేముందు ఫోన్లో రంగులు వేసి చూసుకుంటాను. అదేమంత వింత కాదు.

ఇప్పుడు బల్లమీదున్న బొమ్మ 2025 జనవరి 29 నాటిది. ఆ రోజు ఉదయం 6 గంటల 23 నిమిషాలకు జీఎస్ఎల్‌వీ-ఎఫ్15 ఎగిరింది. శ్రీహరికోట నుంచి అది వందో ప్రయోగం. బొమ్మలో ముందు గుంజకు కట్టేసిన పడవ, నడుమ పులికాట్ సరస్సు నీళ్లలో రాజహంసలు, అదే ఫ్లెమింగోలు, వెనక ఆకాశంలోకి లేచిన తెల్లటి పొగ. పక్షులేమో అంత చప్పుడుకీ తలెత్తకుండా బురదలో మూతి పెట్టి టిఫిన్ చేసుకుంటున్నట్టు గీశాను. అది నా కల్పన. నిజంగా అవేం చేశాయో నేను చూడలేదు, నేను కూడా అందరిలాగే పైకి చూస్తున్నాను.

పెన్సిలు బొమ్మను ఫోన్లోకి ఎక్కించడం చిన్న పని కాదు. రాత్రి బల్బు కింద ఫోటో తీస్తే కాగితం పసుపు తిరుగుతుంది, నట్టనడుమ నా తలకాయ నీడ పడుతుంది. "నాన్నా, పులికాట్‌లో ఇంకో దీవి లేచిందే!" అంది మా అమ్మాయి. దాని సలహా ప్రకారం పగటిపూట, కిటికీ పక్కన, ఎండ నేరుగా పడనిచోట తీశాం. ఆ పైన యాప్‌లో గీతలున్న పొరను 'మల్టిప్లై'లో పెడితే కాగితపు తెలుపు మాయమై గీతలు మాత్రం నిలబడతాయి. దాని కింద ఇంకో పొర తెరిచి ఎన్ని రంగులైనా పూసుకోవచ్చు, గీత చెక్కుచెదరదు.

"బక్కెట్టు గుర్తు నొక్కి సరస్సులో నీలం పొయ్యి నాన్నా," అంది. పోశాను. పడవ మూతి దగ్గర పెన్సిలు గీత వెంట్రుకవాసి తెగి ఉంది. నీలం ఆ సందులోంచి పడవలోకి దూరింది, తాడు పట్టుకుని గుంజ ఎక్కింది, గుంజ పక్కనున్న రాజహంస కాళ్ల సందులోంచి పొట్టలోకి పోయి, రెప్పపాటులో ఆకాశాన్ని కూడా ముంచేసింది. నివర్ తుఫానప్పుడు కూడా మా వీధిలోకి నీళ్లు అంత జోరుగా రాలేదు. అన్‌డూ నొక్కితే అంతా ఒక్క క్షణంలో తీసిపోయింది. తుఫానుకి ఆ బటనొకటి ఉంటే రెవెన్యూ వాళ్లకి ఎంత సుఖం!

అన్‌డూ ఉందని తెలియగానే ఇంట్లో అందరూ చిత్రకారులైపోయారు. మా ఆవిడకు రాజహంసల రంగు చాల్లేదు.

"ఏమండీ, ఫ్లెమింగో పండక్కి కట్టే బ్యానర్ల మీద ఎంత నిండుగా ఉంటాయి! మీవేంటి ఇట్టా పాలిపోయి ఉండాయి?"

బ్యానర్ సంగతి వేరు, పక్షి సంగతి వేరు. పులికాట్‌కి వచ్చే పెద్ద రాజహంస నిలబడి ఉంటే చాలామటుకు తెలుపే, దాని మీద లేత గులాబీ ఛాయ. రెక్క విప్పినప్పుడే లోపలి ముదురు గులాబీ, అంచున నలుపు బయటపడతాయి. ఆ గులాబీ కూడా పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలు బూడిదరంగులో పుడతాయి. నాచూ చిన్నచిన్న రొయ్యజాతి పురుగులూ తినగా, వాటిలోని కెరోటినాయిడ్లు ఏళ్ల తరబడి ఒంటికి పట్టి ఆ రంగు వస్తుంది. ఇదంతా విడమరిచి చెప్పాను.

"అయితే మీ బొమ్మలోవి ఇంకాస్త బాగా తిన్నాయనుకోండి," అంది. గులాబీ ఒక మెట్టు పెరిగింది.

ఫోన్లో రంగులకు అంతు లేదు కాబట్టి సలహాలకూ అంతు లేదు. దీనికి నేను కనిపెట్టిన మందు ఒకటుంది. తెర తనే వెలుగు చిమ్ముతుంది. కాగితం మీది రంగు, తనమీద పడిన వెలుగులో కొంత మింగేసి మిగిలింది మనకిస్తుంది. అందుకే ఫోన్లో ధగధగలాడే నీలం నా పన్నెండు రంగుల డబ్బాలో ఏ మూల వెతికినా దొరకదు. పైగా నీటిరంగు తడిగా ఉన్నప్పుడు ఒక మాట, ఆరాక ఇంకో మాట. ఆరితే ఒక పాలు వెలిసిపోతుంది. కాబట్టి బొమ్మ వెయ్యబోయే రకం కాగితం ముక్క మీదే నా డబ్బాలోని రంగులన్నీ పూసి, పూర్తిగా ఆరనిచ్చి, అదే కిటికీ దగ్గర ఫోటో తీసి యాప్‌లో పెట్టాను. ఇక డ్రాపర్‌తో వాటిల్లోంచే రంగు తియ్యాలని ఇంట్లో చట్టం చేశాను. ఫోను కూడా నాలాగే పన్నెండు రంగులతో కాపురం చెయ్యడం మొదలుపెట్టింది. మా ఇంటి సలహాల కమిటీ నోరు సగం మూతపడింది.

మిగతా సగం పక్కింటి బాబాయిది. షార్‌లో చేసి రిటైరైన మనిషి. తెరమీద బొమ్మను కళ్లద్దాలు పైకెత్తి ఒకసారి, దించి ఒకసారి చూశాడు.

"రంగులు సరే అబ్బయా. ఏది ముందు, ఏది వెనక? వరస రాసినావా?"

"ఫోన్లో వరసెందుకు బాబాయ్? ఎప్పుడు ఏదైనా వేసుకోవచ్చు."

"మరి ఆ తెల్లపొగ ఎప్పుడేసినావు?"

ఆఖర్న వేశాను. నీలం ఆకాశం అంతా పరిచాక, పైన ఇంకో పొర తెరిచి, తెల్ల కుంచెతో గుప్పుగుప్పుమని పొగ లేపాను. ఫోన్లో అద్భుతంగా వచ్చింది. నీటిరంగుల్లో ఆ పప్పులుడకవు. అక్కడ తెలుపంటే కాగితమే. పొగ ఉండాల్సినచోట కుంచె పడకుండా ముందే వదిలిపెట్టాలి. ఒకసారి నీలం తాగిన కాగితం మళ్లీ తెల్లబడమంటే తెల్లబడదు. ఫోన్లో ఆఖర్న వేసేది కాగితం మీద అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది అన్నమాట. బాబాయి రాకెట్ల మనిషి, బొమ్మల మనిషి కాదు. అయినా అసలు కీలు పట్టుకున్నాడు.

ఈ వరస విద్యలో పెద్దలు మా జిల్లాలోనే, శ్రీకాళహస్తిలో ఉన్నారు. అక్కడి కలంకారీ పనివాళ్లు గుడ్డను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు. చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుపతుక్కు, బెల్లం పులియబెట్టిన కసిమితో నల్లగీత దిద్దుతారు. ఆ తర్వాతే చూడాలి తమాషా. ఎరుపు రావాల్సినచోట పటికనీళ్లు పూస్తారు. పూసేటప్పుడు అక్కడ ఎరుపు లేదు, ఎరుపు ఛాయ కూడా లేదు. చెక్కలూ వేళ్లూ వేసిన రంగునీళ్లలో గుడ్డను ఉడికించాక, పటిక తగిలినచోటే ఎరుపు పట్టుకుంటుంది. తర్వాత ఉతుకు, ఆరబోత, మళ్లీ పాలు, పసుపు, ఆ పైన నీలం. పసుపు మీద నీలం పడినచోట ఆకుపచ్చ. ఎవరి చీర ఎరుపో, ఎవరి ఒళ్లు నీలమో, ఏమీ కనపడని దశలోనే పనివాడి తలకాయలో తేలిపోయి ఉండాలి. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి వంటి వాళ్లది ఈ చదువే. ఇందులో పొరలు లేవు, అన్‌డూ లేదు, చార్జింగ్ అయిపోతుందన్న బాధా లేదు.

"అంటే సిమ్యులేషన్ అంతా బుర్రలోనే చేస్తారన్నమాట," అన్నాడు బాబాయి, గౌరవంగా.

అందరికీ అంత బుర్ర ఉండదు గనక ఫోను అవసరమే. అది రంగు ఎంపికలో కన్నా ఇంకోచోట అక్కరకొచ్చింది. రంగులన్నీ తీసేసి బొమ్మను నలుపు తెలుపుల్లోకి మారిస్తే వెలుగునీడల బండారం బయటపడుతుంది. మా ఆవిడ బాగా తినిపించిన రాజహంసలూ, వాటి వెనకున్న నీళ్లూ రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోయాయి. పక్షులు మాయం! గులాబీ, నీలం వేరువేరు రంగులే కానీ ముదురు ఒకటే అయితే దూరం నుంచి చూసే కంటికి అంచులు సరిగ్గా ఆనవు. ఆ సాక్ష్యం చూపించాక పక్షులు మళ్లీ లేతబడ్డాయి. నేను గెలిచానని పైకి అనలేదు. అదే రాత్రి భోజనం కూడా చెయ్యాలి.

తర్వాత పాత క్యాలెండరు కాగితం వెనక వరస రాసుకున్నాం. పొగకూ పక్షులకూ చోటు వదలడం. ఆకాశం తడి. అది ఆరేదాకా ఆగడం. నీళ్లు. మళ్లీ ఆగడం. పక్షుల మీద పలచటి గులాబీ. అన్నిటి తర్వాత పడవ నలుపు. మధ్యలో అనుమానం వస్తే ఆపెయ్యమన్నాడు బాబాయి. 2019 జులై 15న చంద్రయాన్-2ని ఇంకో 56 నిమిషాలుందనగా ఆపి, 22న పంపిన సంగతి గుర్తుచేశాడు. రాకెట్‌కి చెల్లుతుంది. తడి ఆకాశానికి హోల్డ్ చెల్లదు. నేను సగం ఆకాశం పరిచి ఉండగా గ్యాస్ సిలిండరు వచ్చింది, చిల్లర కోసం లోపలికెళ్లొచ్చేసరికి ఆకాశం మధ్యలో గట్టుగీసుకుని ఆరిపోయింది. దాన్ని మబ్బు అని అందరికీ చెబుతున్నాను. ఎవరూ కాదనలేదు.

కాబట్టి ఫోన్లో రంగులు వేసి చూసుకునే మిత్రులకు నా మనవి. రంగు మీ ఇష్టం, మీ ఇంట్లోవాళ్ల ఇష్టం. మీ డబ్బాలో లేని రంగు ఫోన్లో ముట్టుకోకండి. ఒకసారి నలుపు తెలుపుల్లో చూసుకోండి. వరస మాత్రం కాగితం మీద రాసుకోండి, వదిలెయ్యాల్సినవి మొదట రాయండి. గ్యాస్ అబ్బాయి వస్తే ఆకాశాన్ని కాదు, అతన్నే కాసేపు హోల్డ్‌లో పెట్టండి.