తప్పుడు పేరుకు శాశ్వత పట్టా

న్యూగినీ అడవుల్లోని పెద్ద స్వర్గపక్షికి నిక్షేపంలాంటి కాళ్లు రెండున్నాయి. ఏం లాభం? యూరప్‌కు అమ్మకానికి వెళ్లిన చర్మాలకు కాళ్లు కోసేసేవారు. దాంతో ఆ పక్షికి అసలు కాళ్లే లేవన్న కథ పుట్టింది. ఆ కథే పేరై కూర్చుంది. 1758లో ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ దాన్ని ‘అపోడా’ అని రాసేశాడు, అంటే కాళ్లు లేనిది. రెండున్నర శతాబ్దాలుగా ఆ పక్షి కొమ్మ మీద కాళ్లతో నిలబడే ఉంది, శాస్త్రం మాత్రం అవిటిదనే అంటోంది.

మార్చొచ్చుగా అంటారా? కుదరదు. జంతునామాల అంతర్జాతీయ నియమావళిలో 18వ అధికరణం చూడండి: అతకనిదైనంత మాత్రాన పేరు చెల్లకుండా పోదు. సర్వే నంబరు తప్పయినా సరే, ముందు రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడిదే పొలం!

ఆస్ట్రేలియాలో పగలబడి నవ్వే కుకబురాకు 1783లో ‘న్యూగినీది’ అని పేరు పెట్టారు. న్యూగినీలో ఆ జాతే లేదు. దాని ప్రజాతి పేరు ‘డసీలో’ ఇంకా ఘనం: లకుముకి పిట్టల ‘అల్సిడో’లో అక్షరాలు కలగాపులగం చేస్తే వచ్చింది. ఆ పిట్ట ఎందుకు నవ్వుతోందో ఇప్పుడర్థమైంది.

చుట్టరికాలు మాత్రం హాయిగా మార్చేస్తారు. ఫాల్కన్ డేగలకు దగ్గరి బంధువులు గద్దలు కావు, చిలకలని 2008లో జన్యు పరిశోధన చెప్పింది. వంశవృక్షమే తిరగరాశారు. గోత్రం మారుతుంది, తప్పుడు పేరు మారదు!

అమెరికాలో ఒక చిన్న పిట్టకు మెకౌన్ అనే సైనికాధికారి పేరుండేది. ఆయన తర్వాత బానిసత్వం కోసం పోరాడిన కాన్ఫెడరేట్ సైన్యంలో జనరల్ అయ్యాడు. 2020లో ఇంగ్లీషు పేరు తీసేశారు. లాటిన్‌లో ‘మెకౌనియై’ చెక్కుచెదరలేదు.

మన కడప మాటకొద్దాం. 1848లో జంతుశాస్త్రవేత్త బ్లైత్ వర్ణించిన కలివికోడికి లాటిన్ పేరు బాగానే కుదిరింది: రెండు పట్టీలది. ఇంగ్లీషులో మాత్రం దాన్ని ఈస్టిండియా కంపెనీ సైన్యపు వైద్యుడు జెర్డన్ పేరిట రాసేశారు. 1900 తర్వాత పండితులెవరికీ కనబడలేదు గనక అంతరించిందనుకున్నారు. అంతరించిందన్న పక్షిని ఊళ్లో జనం కలివికోడి అని పిలుస్తూనే ఉన్నారు! 1986లో రెడ్డిపల్లి దగ్గర దాన్ని పట్టిచ్చింది స్థానిక వేటగాడే. ప్రపంచ జాబితాల్లో మాత్రం ఆ పిట్ట ఇవాళ్టికీ జెర్డన్ దొరదే.