ఒక్క కోర్ మీదే కంపైల్ చేయండి

బాసర ట్రిపుల్ ఐటీలో, జగిత్యాల, మంథని జేఎన్‌టీయూ కాలేజీల్లో కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లినక్స్ కెర్నల్‌ని సోర్స్ నుంచి కంపైల్ చేయాలనుకుంటే, త్వరగా అయ్యే దారి చెప్పేవాళ్ల మాట వినకండి. ఎంత ఆలస్యమైతే అంత మంచిది. స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మెనూలు మన భాషలోకి వచ్చాయి, కెర్నల్ లోపలికి దిగి చూసే మనవాళ్లు ఇంకా చాలామంది కావాలి.

ల్యాబ్‌లోని కొత్త సిస్టమ్ వద్దు. ఇంట్లో మూలకు పడేసిన పాత డెస్క్‌టాప్ బయటికి తీయండి. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ తొలి కెర్నల్ రాసింది 386 ప్రాసెసర్ మీద. అప్పుడది దాదాపు పదివేల పంక్తులు, ఇప్పుడు మూడు కోట్లు దాటింది. రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి. నాలుగు కోర్లున్నా 'మేక్' పక్కన 'జె4' పెట్టకండి. తెర మీద పోయే ఒక్కో ఫైలు పేరూ చదవండి: షెడ్యూలర్, మెమరీ, ఫైల్ సిస్టమ్‌లు, తర్వాత ఎప్పటికీ తెగని డ్రైవర్లు. కరెంటు పోతే మళ్లీ 'మేక్' కొట్టండి, ఆగినచోటి నుంచి అందుకుంటుంది. రామగుండం వాళ్లు మాత్రం ఎండకాలంలో పెట్టుకోవద్దు. ఈ పనికి ఆదిలాబాద్ చలే సరి.

కంపైల్‌కి ముందు కెర్నల్‌లో ఏమేం ఉండాలో ఎంచుకునేటప్పుడు 'లోకల్‌మాడ్‌కాన్ఫిగ్' ముట్టుకోవద్దు. అప్పటికి లోడైన మాడ్యూళ్లను చూసి మిగతావి తీసేస్తుంది, మీ ఆలోచన కూడా అదే చేసేస్తుంది. 'మెనూకాన్ఫిగ్' కూడా వద్దు. వట్టి 'మేక్ కాన్ఫిగ్' కొట్టండి. వేల ప్రశ్నలు వరసగా అడుగుతుంది, వెనక్కి పోనివ్వదు. ప్రతిచోటా ప్రశ్నగుర్తు కొట్టి, వివరం చదివాకే జవాబివ్వండి.

బూట్ మొదట్లో కెర్నల్‌కి డ్రైవర్లు అందించే తాత్కాలిక ఫైల్ సిస్టమ్ ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్. అది లేకుండా బూట్ చేయండి. అప్పుడు బూట్‌లోడర్ గ్రబ్ పంపే రూట్ యూయూఐడీని కెర్నల్ పోల్చుకోలేదు, పార్ట్‌యూయూఐడీ రాయాలి. డిస్క్ డ్రైవర్‌నీ, ఎక్స్‌టీ4నూ మాడ్యూళ్లుగా వదిలేస్తే రూట్ దొరకలేదని పానిక్ వస్తుంది. రావాలి! డిస్క్‌ని చదవాల్సిన డ్రైవర్ ఆ డిస్క్ మీదే ఉంటే దాన్నెవరు తెచ్చిపెడతారు? ఈ ప్రశ్న ఆ నల్లటి తెర ముందు తట్టినట్టు క్లాసులో తట్టదు.

కొత్తది ఒక్కసారి బూట్ అయితే చాలు, పాత కెర్నల్‌ని తీసేయండి. గ్రబ్ మెనూలో అదుంటే చిన్న ఇబ్బందికే అందులోకి పారిపోతారు. ప్రాజెక్టు ఫైళ్లు ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, సెమిస్టర్ పరీక్షలయ్యాకే మొదలుపెట్టండి.