గ్రబ్ రెస్క్యూ వాక్యానికి ఓరుగల్లు టీక

మూలం

ఎర్రర్: నో సచ్ పార్టిషన్.
ఎంటరింగ్ రెస్క్యూ మోడ్...
గ్రబ్ రెస్క్యూ>

అవతారిక: ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి కొలువులో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రాశాడు. దానికి మల్లినాథసూరి కొడుకు కుమారస్వామి ‘రత్నాపణం’ అని వ్యాఖ్య చేశాడు. అంతటి ఊళ్లో ఈ మూడు పాదాలకు టీక లేకపోవడం లోటే. సందర్భం ఇది: హన్మకొండలో ఒక డిగ్రీ కుర్రాడు సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లో పాత ఉబుంటు పార్టిషన్ చెరిపేసి, వేరే చోట కొత్తది ఎక్కించాడు. ‘పూర్తయింది’ అని రాగానే పెన్‌డ్రైవ్ పీకి రీస్టార్ట్ కొట్టాడు. నల్లటి తెర మీద పై వాక్యం వెలిసింది.

ప్రతిపదార్థం: ఎర్రర్ = దోషము (ఎవరిదో చెప్పలేదు); నో సచ్ = అటువంటిది లేదు; పార్టిషన్ = డిస్కులో ఒక వాటా; ఎంటరింగ్ = ప్రవేశించుచున్నాను; రెస్క్యూ మోడ్ = రక్షణావస్థ యందు (రక్షించవలసినది మనమే అని భావం); గ్రబ్ = లైనక్స్‌ను లేపే బూట్‌లోడర్, 1995లో ఎరిక్ బోలిన్ మొదలుపెట్టినది; > = ఆజ్ఞ కోసం ఎదురుచూపు.

వ్యాఖ్య: డిస్కు మొదటి సెక్టార్ 512 బైట్లే. అక్కడా, దాని వెనకున్న కాస్త చోటులోనూ గ్రబ్ సరంజామా అంతా పట్టదు. మిగతాది ఫలానా పార్టిషన్‌లో ఉందని గుర్తుపెట్టుకుంటుంది. కుర్రాడు చెరిపింది ఆ పార్టిషన్‌నే. ఇప్పుడు మాట్లాడుతున్నది పాత గ్రబ్.

పూర్వపక్షం: చౌరస్తా దగ్గరి రిపేరు షాపాయన మతం వేరు. “హార్డ్ డిస్క్ ఖరాబైంది తమ్మీ, ఫార్మాట్ కొట్టుడే.”

ఖండన: ఆ ప్రాంప్ట్ దగ్గర ఎల్‌ఎస్ అని కొడితే డిస్కు తన వాటాలన్నీ వరసగా చూపించింది. (హెచ్‌డీ0,ఎంఎస్‌డాస్5)/ లోపల చూస్తే బిన్, బూట్, హోమ్ అన్నీ ఉన్నాయి. డిస్కు పోతే ఈ పేర్లు ఎక్కడివి? గ్రబ్2 మతంలో డిస్కుల లెక్క సున్నా నుంచి, పార్టిషన్ల లెక్క ఒకటి నుంచి అని గ్రహించేది.

శంక: మరి కొత్త గ్రబ్ ఏమైంది?

సమాధానం: పెన్‌డ్రైవ్ పెట్టి దాని నుంచి బూట్ చేస్తే కొత్త ఉబుంటు లేస్తోంది. ఇది అన్వయం. పీకితే లేవడం లేదు. ఇది వ్యతిరేకం. కనుక కొత్త గ్రబ్ పెన్‌డ్రైవ్‌లో కూర్చుందని సిద్ధాంతం. ఇన్‌స్టాలర్ ‘బూట్‌లోడర్ ఎక్కడ?’ అని అడిగినచోట ఎస్‌డీఏ (అసలు డిస్కు) బదులు ఎస్‌డీబీ (పెన్‌డ్రైవ్) ఎంచుకోవడమే హేతువు.

ప్రాయశ్చిత్తం: పెన్‌డ్రైవ్‌తోనే లేపి, ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి, సైజులను బట్టి అసలు డిస్కు ఏదో తేల్చుకోవాలి. ఆపైన సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ. పిదప సుడో అప్‌డేట్-గ్రబ్. ఇది పాత బయాస్ యంత్రాలకు విధి. యూఈఎఫ్‌ఐ వాటిలో గ్రబ్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఉంటుంది కనుక వాటి తంత్రం వేరు.

తాత్పర్యం: ఓయీ! నేనెరిగిన చోటు ఇప్పుడు లేదు. కొత్త చోటు వెతుక్కునే తెలివి నాకు లేదు. అడిగితే ఉన్నది చూపిస్తాను. అడక్కుండా చెరిపేస్తే నీ ఇష్టం.

అలంకారం: ఉన్నది ఉన్నట్టు చెప్పడం వల్ల మూలంలో స్వభావోక్తి. షాపాయన మాటలో అతిశయోక్తి. బిల్లు కూడా కలిస్తే సంసృష్టి.