లేహు పద్యానికి టీకా తాత్పర్యము

లేహు చేరినంత లేవక పడుకొమ్ము
నీళ్లు తాగి మరల నిదుర పొమ్ము
తలయు నొచ్చెనేని తగదింక పైకేగ
మందు కన్న దిగుట మంచి మందు

అవతారిక: సుమారు 1,800 అడుగుల ఎత్తున గల హైదరాబాదులో రాత్రి పెరుగన్నము తిని, ఢిల్లీలో విమానము మారి, తెల్లవారి 11,500 అడుగుల లేహులో దిగిన యాత్రికునికి ఈ ఉపదేశము. కర్త ఎవరో తెలియదు. ట్యాక్సీ డ్రైవరని కొందరందురు. నమ్మరాదు, అట్లయినచో పద్యమునకు బదులు మొదటి రోజే ఖర్దుంగ్ లా కనుమకు బేరము చెప్పియుండును.

టీక: లేహు = లదాఖ్ ముఖ్యపట్టణమును, చేరినంత = చేరిన తోడనే, లేవక = మంచము దిగక, పడుకొమ్ము = పరుండుము.

"ఇంత డబ్బు పోసి వచ్చినది పడుకొనుటకా?" అని పూర్వపక్షము. అవును, అందుకే. గాలిలో ఆక్సిజన్ పాలు అచ్చటను 21 శాతమే. తగ్గినది ఒత్తిడి, సముద్రమట్టమున ఉన్నదానిలో మూడింట రెండు వంతులే మిగులును. కనుక ఊపిరి ఊపిరికి దక్కునది తక్కువ. దేహము ఊపిరి వేగము పెంచును. దానితో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా పోయి రక్తమున క్షారము పెరుగును. అది చూచి మెదడు ఊపిరికి కళ్లెము వేయును. మూత్రపిండములు ఆ క్షారమును బయటికి పంపువరకు ఈ తగవు తీరదు. అందుకు ఒకటి రెండు రోజులు పట్టును. శాంతి స్తూపము మెట్లు మూడవనాడు కూడ అచ్చటనే ఉండును. జిమ్ములో పెంచిన కండలు ఇందు రక్ష కావు. కండలు గలవాడు నలుగురికంటె ముందు ఎక్కి, నలుగురికంటె ముందు వాంతి చేసికొనుట కలదు.

రెండవ పాదము సులభము. 'మరల' అనుటచే నడుమ మెలకువ వచ్చునని ధ్వని. ఆ ఎత్తున నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చును.

తలయు = తలనొప్పియే గాక వికారము, అరుచి, కళ్లు తిరుగుట కూడ. "ఇది ప్రయాణపు బడలికే" అనుట ప్రసిద్ధమైన అపవ్యాఖ్య. పైకేగ తగదు = తగ్గువరకు ఎత్తు పెంచరాదు. ఖర్దుంగ్ లాలో కాసేపు నిలిచి, లేహు కంటె పల్లమున గల నుబ్రాకు దిగుటకంటె, 14,000 అడుగుల పాంగాంగ్ సరస్సు ఒడ్డున గుడారములో రాత్రి గడపుట కష్టము. దేహము పడుకొన్న ఎత్తునే లెక్కించును.

మొదటి మందు = డయామాక్స్. వైద్యుని అడిగి ముందురోజు నుండి వేసికొనునది. మూత్రపిండముల పనిని త్వరపెట్టును. వేళ్లకు తిమ్మిరి, సోడాకు చప్పదనము, రాత్రి పలుమార్లు లేచుట దీని గుణములు. సల్ఫా పడనివారు ముందే చెప్పవలెను. సీసాలోని మందని అర్థము చెప్పిన మిత్రబృందమొకటి కలదు. ఆ సీసామందు ఊపిరిని మందగింపజేయును గాన త్యాజ్యము. కొందరు వాసన చూచు కర్పూరము మూలమున లేదు. వాసన ముక్కుకు హాయి, రక్తమునకు శూన్యము.

తాత్పర్యము: నడక తూలినచో మెదడున వాపని, కూర్చున్నను ఆయాసము వచ్చినచో ఊపిరితిత్తులలో నీరని తలచి, తెల్లవారనిండని ఆగక దిగవలెను.

లేహు నుండి దిగుట ఎట్లు? ఇది వ్యాఖ్యాతలకు చిక్కు. మనాలి దారి 17,000 అడుగులు దాటిన తంగ్లంగ్ లా ఎక్కును. శ్రీనగరు దారి సింధు వెంట ఖల్చి దాక కొంత దిగి, పిమ్మట 13,000 దాటిన ఫోతు లా ఎక్కును. కనుక ఆసుపత్రి ఆక్సిజన్, ఆపై విమానము.

ఛందస్సు ఆటవెలది. అలంకారము స్వభావోక్తి. అతిశయోక్తి ఖర్దుంగ్ లా బోర్డుది: ఏండ్ల తరబడి 18,380 అడుగులని చాటినది, కొలవగా తేలినది 17,582. ఆ మిగిలిన 798 అడుగులు ఎక్కుటకు డయామాక్స్ అక్కరలేదు.