రేపల్లె బండిలో అంపశయ్య

అంపశయ్య మీద పడుకుని భీష్ముడు శాంతిపర్వంలో ధర్మాలు చెప్పాడు, ధర్మరాజు విన్నాడు. ఊరికే వినలేదు, సందేహం వచ్చినచోటల్లా అడిగాడు. ఒళ్లంతా బాణాలున్నా తాతగారు విసుక్కోలేదు. నాకు దొరికిన 'అంపశయ్య' నవీన్ గారి నవల, అదీ ఆడియో పుస్తకంగా, చెవిలో. ఆపమంటే ఆగుతుంది గానీ, అడిగితే పలకదు.

తెలియనివాళ్లకు ఒక్క ముక్క. 1904 జూన్ 16న డబ్లిన్ నగరంలో గడిచిన ఒకే ఒక్క రోజును పట్టుకుని జేమ్స్ జాయిస్ 'యులిసిస్' అనే లావుపాటి పుస్తకం రాశాడు. ఆ ఒక్కరోజు పద్ధతిని 1969లో నవీన్ గారు ఉస్మానియా క్యాంపస్‌కి తెచ్చారు. రవి అనే పేద విద్యార్థి పొద్దున లేచిందగ్గర్నుంచీ బుర్రలో ఏమేం తిరిగాయో అదే కథ. ఇలా రాయడాన్ని చైతన్య స్రవంతి అంటారు. ఆ నవల దెబ్బకి దొంగరి మల్లయ్య గారు శాశ్వతంగా అంపశయ్య నవీన్ అయిపోయారు.

కాగితం మీదైతే ఆలోచన ఎక్కడ తెగిందో కన్ను వెనక్కి పోయి వెతుక్కుంటుంది. చెవికి ఆ సౌకర్యం లేదు. పైగా తెనాలి నుంచి రేపల్లె పోయే ప్యాసింజర్‌లో ఎవరి చైతన్య స్రవంతి వాళ్లదే, అదీ పైకే. చినరావూరు దాటేసరికి రవి పరీక్షల దిగుల్లో ఉన్నాడు. ఇంతలో "బస్తా ఎంత పలికింది?" అని వినపడింది. ఊళ్లో పంట గుర్తొచ్చింది కాబోలు, ఎంత లోతైన మలుపు అని కళ్లు మూసుకున్నాను. "కాయ సైజు లేదు బావా" అని కూడా రవే అనేసరికి కళ్లు తెరిస్తే, ఎదుటి సీట్లో నిమ్మకాయల మార్కెట్ నుంచి వస్తున్న ఇద్దరు. వేమూరు దగ్గర రవి ఎవరో అమ్మాయి గురించి అనుకుంటుండగా జామకాయలబ్బాయి చొరబడ్డాడు. అప్పట్నుంచీ ఆ అమ్మాయి నాకు చేతిలో ఉప్పూకారం అద్దిన జామకాయతోనే కనిపిస్తోంది.

బాపట్లలో పనిబడితే మెయిన్ లైన్ బండి. అది పరుగెడుతుంది, రవి పరుగెత్తడు. నిడుబ్రోలు వచ్చినా వాడింకా మంచం దిగడు.

మావేం చవట చెవులు కావు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి శ్రీరామ విలాస సభలో సత్యభామ వేషం కట్టి, ఒకే పాదాన్ని రకరకాల భావాలతో పాడుతుంటే 'వన్స్ మోర్' అని కేకలేసిన ఊళ్లివి. ఇప్పుడు నా వన్స్ మోర్ ఫోన్లో వెనక్కి తిప్పే బొత్తాం. నా మూలాన రవి పడ్డ దిగులే మళ్లీ మళ్లీ పడుతున్నాడు, పాపం.

అదే విశ్వనాథ వారి 'వేయిపడగలు' అంత పెద్దదైనా హాయిగా చెవికెక్కింది. ఆయన నోటితో చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టిన నవల అది. నోట్లోంచి వచ్చింది చెవిలోకి దారి కనుక్కుంటుంది. రవి ఆలోచనలు పెదవి దాటినవే కావు.

ఓ రోజు ఇయర్‌ఫోన్స్ మొరాయించి, పైకే పెట్టుకున్నాను. పక్కన మామ్మగారు చెవి ఒగ్గారు.

"ఏంది నాయనా, హరికథా?"

"నవలండీ."

"ఆ పిల్లోడు ఎవురితో మాట్టాడతన్నాడు?"

"ఎవరితోనూ కాదండీ, లోపల అనుకుంటున్నాడు."

"లోపల అనుకునేది నీకెట్టా ఇనపడతంది?"

విమర్శకులు పేజీలకు పేజీలు రాసిన ప్రశ్న. నేను కిటికీలోంచి పొలాలు చూశాను. భట్టిప్రోలు వచ్చేదాకా ఆవిడ ఓపిగ్గా విని, "ఇంత దిగులు పడే బదులు పుస్తకం తీసి చదూకోవచ్చుగా" అన్నారు. కాసేపాగి, "ఇంతకీ పాసయ్యాడా?"

"ఇది ఒక్కరోజు కథేనండీ. తర్వాతవి 'ముళ్లపొదలు', 'అంతస్స్రవంతి' అని ఇంకో రెండు నవలలున్నాయి."

మామ్మగారు సంచీ సర్దుకుంటూ నన్ను ఎగాదిగా చూశారు.

"అయ్యిగూడా ఇంటావా? పెళ్లయిందా నీకు?"