వరండా ఫ్యాను

"మా వరండాలో ఫ్యాను సరిగ్గా తిరగడం లేదండీ" అని ఎవరితోనైనా ఒకసారి అని చూడండి. "కండెన్సర్ పోయుంటుంది" అంటారు. మా పాలబ్బాయి అన్నాడు. బీపీ చూస్తున్న డాక్టరుగారు నా చెయ్యి వదలకుండానే అన్నారు. డాలస్ నుంచి మా అబ్బాయి ఫ్యాను మొహమైనా చూడకుండా ఫోనులోనే తేల్చేశాడు. రెండున్నర మైక్రోఫారడ్ల ఆ బుల్లి డబ్బా మీద ఇంతమందికి ఇంత పట్టు ఎప్పుడు చిక్కిందో నాకు తెలీదు.

మా దాని కండెన్సర్ లక్షణంగా ఉంది. పోయింది బేరింగు. కాకినాడ ఉప్పుగాలికి గదుల్లో దాచుకున్న ఇనుమే బతకదు, వరండాలో వేలాడేది ఏం బతుకుతుంది? వాయుగుండం పట్టిన ప్రతిసారీ జల్లు అడ్డంగా కొట్టి దానికి తలంటు పోస్తుంది. కొన్నాళ్ళు కిర్రుమంది. తర్వాత టకటకలోకి దిగింది. రాత్రి పదింటికి వరండాలో ఎవరో కూర్చుని జాకెట్లు కుడుతున్నట్టుండేది. అందులో వింతేమీ లేదు లెండి. కరెంటు సీలింగ్ ఫ్యానుకు ఆద్యుడైన ఫిలిప్ డీల్ అనే ఆయన సింగర్ కుట్టుమిషన్ల కంపెనీలో ఇంజనీరు. మిషను మోటారుకు రెక్కలు తగిలించి ఇంటికప్పుకు వేలాడదీసి, 1887లో పేటెంటు పుచ్చుకున్నాడు. మా ఫ్యాను ముసలితనంలో పుట్టింటి యాస అందుకుందన్నమాట.

కొత్తది కొందామని వెళ్తే కొట్టబ్బాయి నన్ను కూర్చోబెట్టి లెక్కలు చెప్పాడు. పాత ఫ్యాను 75 వాట్లు తింటుందట. ఈ బీఎల్‌డీసీ రకం 30 వాట్లతో సరిపెట్టుకుంటుందట. 2023 జనవరి నుంచి ఫ్యాన్ల మీద కూడా నక్షత్రాలు అతికించడం తప్పనిసరి అయింది కదా, దీనికి అయిదుకు అయిదూ వచ్చాయట. "డబ్బులు వాటంతట అవే తిరిగొచ్చేస్తాయండి" అన్నాడు. ఇంటికొచ్చి కాగితం తీశాను. వరండా ఫ్యాను మహా అయితే రోజుకు రెండు గంటలు తిరుగుతుంది. మిగిలేది నెలకు 2.7 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా పదహారు రూపాయలు. మూడు వేలు పెట్టి కొన్నది పదిహేనున్నర ఏళ్ళకు గిట్టుబాటవుతుంది. గ్యారంటీ రెండేళ్ళు. నా గ్యారంటీ సంగతి డాక్టరుగారిని అడగలేదు.

అయినా కొనేశాను. ఇక దాన్ని బిగించే ఎలక్ట్రీషియన్. "ఆయ్, దారిలో ఉన్నానండి" అన్నాడు. కాలినడకన అన్నవరం వెళ్ళి, వ్రతం చేసుకుని, ప్రసాదంతో తిరిగొచ్చేవాళ్ళు మా వీధిలో ఉన్నారు. అతను మాత్రం దారిలోనే ఉన్నాడు. తీరా వచ్చినవాడి చేతిలో టెస్టరు తప్ప ఏమీ లేదు. బల్ల మనది, బల్ల మీద స్టూలు మనది, కటింగ్ ప్లేయరు మనది, టేపు మనది. రాడ్డు బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోతే "అమ్మగారూ, కాస్త కొబ్బరినూనె ఉందాండీ" అన్నాడు. మా ఆవిడ తలకు రాసుకునే సీసా తెచ్చి, బోల్టుకు పొయ్యాలో నా తలకు పొయ్యాలో తేల్చుకోలేనట్టు ఇద్దరినీ చూసింది.

కొత్తది ఎక్కింది. తిరిగింది. ఊగింది. "కొత్తలో అలాగే ఉంటాదండి" అన్నాడతను. అదేమన్నా కొత్తకోడలా, బెరుకుతో ఊగడానికి? నిలదీస్తే అప్పుడు చెప్పాడు అసలు రహస్యం. మూడు రెక్కలూ ఒకే బరువుండేలా కంపెనీవాళ్ళు తూచి ఒక జతగా పెడతారు. ఒకదాని రెక్క ఇంకోదానికి వేస్తే ఊగుతుంది. ఆ రోజు అతను దారిలో ఇంకెవరింట్లోనో ఇదే రకం ఫ్యాను బిగించి వచ్చాడని అప్పుడు తెలిసింది.

రెక్కలు మారడం అంటే నాకు మా ఊరి గుడి గుర్తొస్తుంది. గుళ్ళకూ సత్రాలకూ ఫ్యాన్లు దానమిచ్చినవాళ్ళు రెక్కల మీద పేర్లు రాయిస్తారు, మీరూ చూసే ఉంటారు. ట్యూబులైటు మీద రాయించుకున్నవాడి పేరు వెలుతురుకి అడ్డం పడినా చదవడానికి వీలుంటుంది. ఫ్యాను దాత బాధ వేరు. దానం పనిచేస్తున్నంతసేపూ పేరు కనపడదు. పేరు కనపడాలంటే దానం ఆగిపోవాలి. అందుకే కరెంటు పోతే గుళ్ళో అందరూ ఉస్సురంటారుగానీ, దాతగారు మాత్రం స్తంభానికి ఆనుకుని తృప్తిగా పైకి చూస్తూ ఉంటారు. చదవడం కూడా అంత సులువు కాదు. మొదటి రెక్క మీద పేరు, రెండో దాని మీద "ధర్మపత్ని, కుమారులు, కోడళ్ళు", మూడో దాని మీద ఊరు, గోత్రం. మెడ గుండ్రంగా తిప్పితేగాని వంశం పూర్తికాదు. ఫ్యాను ఏ రెక్క దగ్గర ఆగితే అక్కడినుంచి మొదలుపెట్టాలి, కాబట్టి కోడళ్ళ తర్వాత మామగారు పుట్టిన సందర్భాలూ ఉన్నాయి.

ఒక ఏడాది కల్యాణోత్సవాలకు ముందు మండపంలో ఫ్యాన్లన్నీ దించి, రెక్కలు కడిగి, అరుగు మీద ఎండబెట్టారు. మళ్ళీ బిగించినవాడికి చదువు లేదో, ఓపిక లేదో, ఏ రెక్క చేతికొస్తే అది ఎక్కించేశాడు. పందిట్లో కూర్చుని పైకి చూస్తే ఏముంది? నిక్షేపంలా తిరుగుతున్న ధర్మకర్తగారి పేరు పక్క రెక్కన "కీర్తిశేషులు" అని ఉంది. అసలు కీర్తిశేషుడికి వేరే ఫ్యానులో వేరే ధర్మపత్ని దొరికింది. ఊళ్ళో మాటామాటా పెరిగింది. ధర్మకర్తగారి భార్య ఆ ఫ్యాను కింద కూర్చోనంది. రెక్క విప్పమంటే విప్పకూడదన్నారు, ముహూర్తానికి ముందు స్టూలెక్కి ఏది విప్పినా అశుభమట. "ఆగకుండా తిప్పండి, ఎవరూ చదవలేరు" అని పురోహితుడుగారు పరిష్కారం చెప్పారు. మూడు రోజులు తిప్పారు. రెక్కల బరువులు కలవక ఆ ఫ్యాన్లు రెండూ అన్ని రోజులూ ఊగుతూనే ఉన్నాయి. అక్షింతలు వెయ్యడానికొచ్చినవాళ్ళు వాటి కిందకి రాకుండా ఒక వారకు నిలబడి, దేవుడి మీదకి దూరం నుంచి విసిరారు.

నా ఫ్యానుకు ఆ గౌరవం ఏమీ లేదు. రెక్కలు వాపసు తెచ్చుకుని బిగిస్తే ఊగడం మానింది. దాని స్థానంలో రిమోటు మొదలైంది. ఈ రకానికి పాత రెగ్యులేటర్ పనికిరాదు. దాన్ని తప్పించి నేరుగా వైరు కలపాలి. కానీ బోర్డు మీద ఆ గుండ్రటి బిళ్ళ అలాగే ఉంది. తిప్పితే ఏమీ జరగదని చెప్పినా వచ్చినవాళ్ళందరూ తిప్పుతారు, తిప్పి పైకి చూస్తారు, "కాస్త తగ్గిందండీ" అంటారు కూడా. పైగా హాల్లో ఉన్న ఫ్యానూ ఇదే కంపెనీ, ఇదే రకం. తలుపు తీసి ఉంటే ఒక రిమోటు రెండిటికీ పనిచేస్తుంది. లోపల సీరియల్ చూస్తూ మా ఆవిడ చలేసి ఒక మీట నొక్కితే బయట నాకు గాలి ఆగుతుంది. నాకు ఉక్కపోసి నేను నొక్కితే లోపల ఆవిడ చీర చెంగు ఎగురుతుంది. "ఏమండీ, మీరా?" అని కేక. ఇంత శాస్త్రం తెలిసినవాళ్ళకు రెండు ఫ్యాన్లు ఒకే ఇంట్లో ఉంటాయని తట్టకపోవడం నాకు నిజంగానే ఒళ్ళు మండే విషయం. పాత బిళ్ళ ఏ ఫ్యానుదో ఆ ఫ్యానుకే తిరిగేది.

పాత ఫ్యానును పాత సామాన్లతను తూచి పట్టుకెళ్ళాడు. లోపల రాగి ఉందని మురిసిపోయాడు. మెట్టు మీద కూర్చుని, చెమట తుడుచుకుంటూ, "ఫ్యాను ఎయ్యండి బాబుగారూ" అన్నాడు. కొత్త ఫ్యాను కింద మా ఇంట్లోవాళ్ళు కాకుండా కూర్చున్న మొదటి మనిషి అతనే.

ఆ వరండాలో ఫ్యాను పెట్టించింది మా నాన్న. గదుల్లో రెండిటికే దిక్కులేని రోజుల్లో మూడోది వరండాకు ఎందుకని అమ్మ పోట్లాడింది. వచ్చినవాళ్ళ కోసం అన్నాడాయన. పోస్టుమాన్, చేపల బుట్ట దింపుకున్న ఆవిడ, అడ్రసు తప్పి వచ్చినవాడు, ఎవరు గేటు తీసినా ఆయన ముందు స్విచ్చి వేసి తర్వాత ఎవరని అడిగేవాడు. ఇప్పుడు పార్సిల్ తెచ్చే కుర్రాడు గేటు మీదనుంచే అందించి, ఫోటో తీసుకుని, బండి ఆపకుండానే వెళ్ళిపోతాడు. పాపం అతనికి లోపలికొచ్చి కూర్చునే తీరిక ఎవరిచ్చారు? చుట్టాలు ఏసీ గదిలోకి నడుస్తారు. దోమలని నేనూ లోపలే ఉంటాను. రోజుకు రెండు గంటలు అని నేను కాగితం మీద వేసిన లెక్క మా నాన్న నాటిది. ఇప్పుడు అది అరగంట కూడా తిరగదు.

ఆ లెక్కన పెట్టుబడి తిరిగిరావడానికి అరవై ఏళ్ళు దాటుతుంది. అంతకాలం ఆగే వయసు కాదు నాది. కాబట్టి అటువైపు వచ్చినప్పుడు ఒకసారి మా వరండాలో కూర్చుని వెళ్ళండి. మీరు ఎంతసేపు కూర్చుంటే నాకు అంత లాభం. బోర్డు మీద బిళ్ళ మాత్రం తిప్పకండి.