ముల్లుకీ హోదా కావాలి

"కవళ్ళా? అవి గాలానికి గుచ్చే చేపలండీ, ఒళ్ళంతా ముళ్ళు!" అని ముక్కు చిట్లించే పెద్దమనుషులకు మన ఊళ్ళలో కొదవ లేదు. నిజమే, సూర చేపకు వేసే గాలానికి కవళ్ళను ఎరగా గుచ్చుతారు. సముద్రంలో ఇష్టమొచ్చినదాన్ని పట్టుకు తినగల సూర, ఆ ఒక్క చేప కోసం ప్రాణం పోగొట్టుకుంటోంది. రుచి తెలిసినవాళ్ళకు కష్టాలు తప్పవు. వంజరం తప్ప ముట్టని మన పెద్దమనిషి మాత్రం నిండు నూరేళ్ళూ క్షేమం.

కానీ గోదావరికి ఎర్రనీరు తగలగానే ఆయనే యానానికి ఫోన్లు కొడతాడు. పులస ఉందా? ఒక్కటైనా? ఎంతైనా? పులసకు ముళ్ళు లేవా అంటే, లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేనన్ని ఉన్నాయి. అయినా వేలు పోసి కొన్నాక అవి ముళ్ళు కావు, ప్రతిష్ఠ. పులస ముల్లు గొంతులో దిగితే బంధువులందరికీ కబురు వెళుతుంది. కవళ్ళ ముల్లు దిగితే వండినావిడకు చీవాట్లు. శాస్త్రజ్ఞులనడిగితే రెండూ హెర్రింగ్ బంధువర్గమే అంటారు. పుస్తెలమ్మైనా తినాలన్న సామెత మాత్రం పులసకే దక్కింది. కొనడానికి ఏమీ అమ్ముకోనక్కర్లేకపోవడమే కవళ్ళు చేసిన నేరం.

తెలంగాణలోనూ ఇదే న్యాయం. చెరువుగట్టున పరిగె చేపను ఎరగా గుచ్చి కొర్రమీను పడతారు. కొర్రమీను 2016లో రాష్ట్ర చేప అయింది. పరిగెకు మండల హోదా కూడా రాలేదు.

మనం తినని కవళ్ళు ఊరికే పోవు లెండి. మరలో పడి, ఎండి, పొడై రొయ్యల మేతలో కలుస్తాయి. భీమవరం వైపు చెరువుల్లో వనామీ ఆ మేత తిని బలిసి అమెరికా ఓడెక్కుతుంది. పిండగా వచ్చిన నూనె మెరిసే గోళీల్లో దూరి మందుల షాపుకు చేరుతుంది. ఒమేగా-3 తగ్గిందని డాక్టరు చెప్పగానే మన పెద్దమనిషి వాటిని సీసా లెక్కన కొంటాడు. ముల్లు లేదు, రుచి లేదు, ఉన్నదల్లా బిల్లు. పక్కనే కాల్షియం మాత్రల డబ్బా కూడా ఉంటుంది. నెత్తళ్ళ వేపుడు ముళ్ళతో సహా కరకరా నమిలేవాళ్ళకు ఆ కాల్షియం కంచంలోనే దొరుకుతోందని ఆయనకు ఎవరు చెప్పాలి? చెప్పినా ఏ కంపెనీదని అడుగుతాడు.

ముల్లును లొంగదీసే విద్య బెస్తవాడలో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పొలుసు గీకి, తల, పేగులు తీసేసి, ఉప్పూ పసుపూ వేసి రుద్దాలి. వేపుడుకైతే రెండు పక్కలా దగ్గర దగ్గరగా గాట్లు పెట్టాలి. సన్నముళ్ళు తెగి, నూనెలో కరకరలాడిపోతాయి. పులుసుకైతే మట్టి దాకలో చిక్కటి చింతపండు రసం, ఉల్లిముద్ద, పచ్చిమిర్చి. గరిటె పెట్టకుండా దాకనే పట్టి తిప్పుతూ సన్నసెగ మీద ఎంత ఓపిగ్గా మగ్గనిస్తే ముల్లు అంత మెత్తబడుతుంది. తినడం మాత్రం మర్నాడే. పులసకు చేసే మర్యాద కూడా ఇంతకంటే గొప్పదేం కాదు.

మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు పోగా, ఏ ఆదివారమైనా సంచీ పట్టుకుని వెళ్ళి కిలో కవళ్ళు అడగండి. చేపలమ్మి మీ చొక్కా వంక ఓసారి చూసి, "ఎరకా బాబూ, కూరకా?" అంటుంది. పక్కన తెలిసినవాళ్ళున్నా సరే, కూరకేనని గట్టిగా చెప్పండి.